కంప్యూటర్ గది తాళంచెవి ఎవరి దగ్గరుంది?

వారం దాటినా బడికి రాని పిల్లోడి కోసం 2024 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మేం పల్లెలోకి వెళ్లాం. తొమ్మిదో తరగతి పిల్లోడు. లెక్కలంటే ప్రాణం. జొరమొచ్చిందేమో అనుకున్నాం. తల్లి మిరపకోతకు పోయింది. నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే పిల్లోడు లోపలికి పోయి తలుపు చాటున నిలబడ్డాడు. ఎంత పిలిచినా రాలేదు. చివరికి ఆ ముసలామే చెప్పింది. "ఆ పలక పగిలింది నాయనా. 13 వేలు కట్టించుకుంటారంట గదా. యాడ నుంచి తెచ్చేది? అమ్మకు తెలిస్తే సంపుద్దని బడి మానేశాడు."

పలక అంటే ప్రభుత్వం ఇచ్చిన ట్యాబు. పాత చీరె గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచారు. తీసి చూస్తే అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు బీటలు వారి ఉంది.

ఆ 13 వేలు ఎవరడిగారు? ఏ అధికారీ అడగలేదు. పగిలినా చెడినా హెడ్మాస్టరుకో గ్రామ సచివాలయానికో అప్పగిస్తే బాగుచేయించి ఇస్తామనే ప్రభుత్వం చెప్పింది. ఆ మాట పల్లెదాకా రాలేదు. ఊళ్లో పిల్లలు వేళాకోళానికి "మీ నాయన రెండేళ్లు పాలేరుతనం చేసినా తీరదురా" అన్నారు. వాడు నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు? లోను మీద తెచ్చిన గేదె చచ్చిపోతే బ్యాంకు జీపు ఇంటి ముందుకొచ్చి నిలబడిన కథ వింటూ పెరిగినోడు. సర్కారు సొమ్ము ఇంట్లో ఉందంటే మనోళ్లకు సంతోషం కంటే ముందు భయమే వస్తుంది.

చెప్పాల్సింది మేమే. ట్యాబులు పంచిన రోజున పెట్టెల లెక్క, సంతకాల లెక్క, ఫోటోల లెక్క చూసుకున్నాం. పల్లెకొచ్చి, తల్లుల్ని కూర్చోబెట్టి, పగిలితే ఏం చెయ్యాలో చెప్పడం మాకు తోచలేదు. ఈ తప్పు ముందు మాది.

మేం అంటే ఈ చుట్టుపక్కల బళ్లల్లో పనిచేసే దళిత టీచర్లం. మాలో చాలామందిమి మా ఇళ్లల్లో మొదటి డిగ్రీవాళ్లం. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో నీళ్ల పప్పు తిని చదివినవాళ్లం. చుండూరు జరిగిన 1991లో పిల్లలం. పెద్దోళ్లు రాత్రిపూట దీపాలార్పి గుసగుసగా మాట్లాడుకుంటుంటే విన్నవాళ్లం. బడిలో ట్యాబులూ కంప్యూటర్లూ ఉండాలా వద్దా అని పేపర్లలో పెద్దపెద్దోళ్లు రాస్తున్నారు. వాళ్లు రాసిందంతా చదివాం. అందులో బియ్యం డబ్బాలో దాచిన ట్యాబు ఎక్కడా లేదు. అందుకే మేం రాస్తున్నాం.

ముందు లెక్కలు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. పిల్లలకూ టీచర్లకూ కలిపి 5,18,740 ట్యాబులు, 686 కోట్ల రూపాయలని ప్రభుత్వమే ప్రకటించింది. మళ్లీ 2023 డిసెంబరులో చింతపల్లి ఏజెన్సీలో రెండో విడత మొదలుపెట్టారు. 4,34,185 ట్యాబులు, 620 కోట్లు. రెండూ కలిపితే 1306 కోట్లు. భాగించి చూస్తే ఒక్కోటి 13 వేల పైచిలుకు. పల్లెలో పిల్లోడికి ఆ అంకె ఎట్లా చేరిందో మాకు తర్వాత అర్థమైంది. ధర చేరింది, బాగుచేస్తారన్న మాట చేరలేదు.

ట్యాబులు పంచినప్పుడు బస్సులో, టీకొట్టు దగ్గర, ఆఖరికి మా స్టాఫ్ రూముల్లో కూడా ఒకటే మాట. "కూలోళ్ల పిల్లలకు ట్యాబులేంటండీ! గేములాడుకుని చెడిపోవడానికి గాకపోతే." ఈ మాటన్న పెద్దమనుషుల పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? గుంటూరులో, విజయవాడలో, హైదరాబాదులో, ఏసీ గదుల్లో, ట్యాబుల మీదే చదువుతున్నారు. ఆ పిల్లలు గేములాడరా? ఆడతారు. వాళ్లు ఆడితే చిన్నతనం. మన పిల్లోడు ఆడితే కులబుద్ధి! నిజమే, మా బడి పిల్లలు కొందరు సెల్ షాపులో 200 ఇచ్చి లాకు తీయించుకున్నారు. సినిమాపాటలు చూశారు, గేములు ఎక్కించుకున్నారు. మేం కోప్పడ్డాం. కానీ లోపల ఒక సంగతి మాత్రం గమనించాం. తాళం వేసిన వస్తువును ఎట్లా తెరవాలో వాళ్లు రెండు వారాల్లో కనిపెట్టారు. ఆ తెలివిని పట్టుకుని పాఠంలోకి తిప్పే ఓపిక మాకు లేకపోయింది.

రెండోవైపు ఇంకో భజన ఉంది. ట్యాబు వచ్చింది కాబట్టి పేదపిల్లలు ప్రపంచంతో పోటీ పడిపోతారని ఫ్లెక్సీలు కట్టారు. ఈ భజనా మాకొద్దు, ఆ వెక్కిరింతా మాకొద్దు. ఫ్లెక్సీ కట్టినోడూ వెక్కిరించినోడూ ఇద్దరూ మన పిల్లోణ్ని చెయ్యి చాచి నిలబడ్డవాడుగానే చూశారు.

అసలు సంగతి తాకడం దగ్గర ఉంది. బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయి హైస్కూల్లో చదివేటప్పుడు ఒకరోజు టీచరు ఆయన్ని నల్లబల్ల దగ్గరికి పిలిచి లెక్క చెయ్యమన్నాడు. క్లాసంతా గగ్గోలు. ఎందుకంటే ఆ బల్ల వెనక సవర్ణ పిల్లల అన్నం గిన్నెలున్నాయి. ఈయన బల్ల తాకేలోపు పరుగెత్తుకొచ్చి గిన్నెలు తీసుకున్నారు. నల్లబల్ల ఆ రోజుల్లో బడికి టెక్నాలజీ. దాని దగ్గరికి ఎవరు పోవచ్చు, ఎవరి చెయ్యి పడితే ఏం మైలపడుతుంది అన్నది పాఠం కంటే పెద్ద సమస్య.

మా చిన్నప్పుడు కూడా అంతే, కాకపోతే గగ్గోలు లేదు. బీరువాలో ఒక మైక్రోస్కోపు ఉండేది. బీరువా మీద గ్లోబు ఉండేది. పదేళ్ల చదువులో ఆ గ్లోబును మేం ఒక్కసారి తిప్పలేదు. ఇన్స్పెక్షనుకు ముందు దుమ్ము తుడవమని మాత్రం మా వాళ్లనే పిలిచేవాళ్లు. తుడవడానికి మన చెయ్యి పనికొస్తుంది, తిప్పడానికి పనికిరాదు. అదేమంటే "పగలగొడతారు" అనేవాళ్లు. మన పిల్లలు పగలగొడతారన్నది ఈ దేశంలో పాత మాట. 2024లో పల్లెలో పిల్లోడు బడి మానేసింది ఆ పాత మాటకే.

మేం టీచర్లమయ్యాక, 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5000 హైస్కూళ్లకు కంప్యూటర్లొచ్చాయి. కంపెనీలకు అయిదేళ్ల కాంట్రాక్టు. కంపెనీ మనుషులే నేర్పాలి, కంపెనీయే చూసుకోవాలి. మేం పనిచేసిన బళ్లల్లో జరిగింది చెబుతాం. కంప్యూటర్ గదికి ఇనుప తలుపు, తలుపుకు పెద్ద తాళం. చెప్పులు బయట. ఒక్కో యంత్రం ముందు ఆరుగురు పిల్లలు. ఆ ఆరుగురిలో మౌసు పట్టుకునేవాడు రోజూ ఒక్కడే. వాడింట్లో కంప్యూటరుంది కాబట్టి వాడికొచ్చు, వచ్చు కాబట్టి వాడికే ఇస్తారు. మన పిల్లలు మూడో వరసలో భుజాల మీదుగా తొంగిచూసేవాళ్లు. ఎవరూ పోవద్దనలేదు. ఎవరూ తిట్టలేదు. ఏడాది తిరిగేసరికి మా పిల్లలెవరికీ మౌసు తాకిన గుర్తులేదు. అంటరానితనం అని ఎవరి మీద కేసు పెడతాం?

2013లో కాంట్రాక్టు అయిపోయింది. నేర్పేవాళ్లు ఇంటికి పోయారు. బ్యాటరీలు చచ్చిపోయాయి. యంత్రాల మీద గుడ్డలు కప్పాం. దసరాకు ఆయుధపూజ రోజున మాత్రం గది తెరిచి బొట్లు పెట్టేవాళ్లు. నడవని యంత్రానికి కుంకుమబొట్టు పెట్టడంలో మన దేశాన్ని మించింది లేదు.

ఇదంతా చూసినవాళ్లం కాబట్టే ట్యాబును మేం తీసిపారెయ్యం. మొదటిసారి ఒక యంత్రం వరస కట్టకుండా, ఆరుగురిలో ఆరోవాడు కాకుండా, మాదిగ కూలీ బిడ్డ చేతిలోకే వచ్చింది. ఇంటికి కూడా పోయింది. ఇది చిన్న సంగతి కాదు. మా బడిలో ఒక ఆడపిల్ల ఉంది, క్లాసులో నోరు విప్పదు. భిన్నాల దగ్గర ఆగిపోయి మూడేళ్లుగా లాక్కొస్తోంది. ఆ పిల్ల ఒకే పాఠాన్ని ట్యాబులో పదిసార్లు, పన్నెండుసార్లు పెట్టుకుని చూసింది. పరీక్షలో భిన్నాల లెక్క చేసింది. ఎట్లా వచ్చిందమ్మా అని అడిగితే తల వంచుకుని "అది తిట్టదు సార్" అంది.

ఆ మాట మాకు చెంపదెబ్బ. మేం తిట్టేవాళ్లమా? మాలో కొందరం తిట్టేవాళ్లమే. రెండోసారి అడిగితే "ఎన్నిసార్లు చెప్పాలి" అనేవాళ్లమే. మన కులపోళ్లమైనంత మాత్రాన మన పిల్లల్ని తిట్టకుండా ఉంటామని లేదు. బడి మనల్ని ఎట్లా తయారుచేసిందో మేమూ అట్లాగే తయారయ్యాం. యంత్రం టీచరును మించిందని ఆ పిల్ల చెప్పలేదు. మళ్లీ అడిగే ధైర్యం బడిలో తనకు లేదని చెప్పింది. ట్యాబు ఇచ్చింది ఆ ధైర్యం. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఒక్కసారి ఆ బెంచీలో కూర్చుని చూడండి.

అయితే భిన్నాలొచ్చాక ఆ పిల్లకు బీజగణితం కావాలి. వీడియోలో చెప్పేవాడు తను చెప్పేది చెప్పుకుంటూ పోతాడు. ఆ పిల్ల ఎక్కడ ఆగిందో వాడికి తెలియదు. వాడు చూపించే ఇంట్లో మేడ ఉంటుంది, కారు ఉంటుంది, పుట్టినరోజు కేకును ఎనిమిది ముక్కలు కోస్తారు. మా పిల్లలకు భిన్నం ఎక్కడుంది? కౌలు చేలో ఉంది. ఎకరంలో పాతిక సెంట్లు ఎంతవంతు? కూలి ముఠాలో పదకొండుమందికి వచ్చిన డబ్బు ఎట్లా పంచుకోవాలి? మేస్త్రీ కమీషను పోను ఎంత? మా పిల్లలు ఈ లెక్కలు నోటితో చేస్తారు, కాగితం మీద చెయ్యలేరు. నోటిలెక్కకూ కాగితం లెక్కకూ మధ్య వంతెన వెయ్యడం టీచరు పని. ఆ పిల్ల పక్కన కూర్చుని ఆ పని చేసే మనిషి కావాలి.

సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టారు. ట్యాబులు పంచిన అదే 2022లో 117 నెంబరు జీవో వచ్చింది. ప్రాథమిక బళ్ల నుంచి 3, 4, 5 తరగతుల్ని తీసుకుపోయి హైస్కూళ్లలో కలిపారు. పల్లెలో ఉన్న బడిలో ఒకటి, రెండు తరగతులు మిగిలాయి, చాలాచోట్ల ఒక టీచరు మిగిలాడు. పిల్లలు రోడ్డు దాటి, ఊరు దాటి నడవాల్సి వచ్చింది. పెద్దపిల్లల చేతికి యంత్రం ఇచ్చిన చెయ్యే చిన్నపిల్లల ముంగిట్లో బడిని పలచబరిచింది. మూడో తరగతిలో కూడికలు రానివాడికి ఎనిమిదో తరగతిలో ట్యాబు ఏం చేస్తుంది? 2025లో ఆ జీవో పోయింది, కొత్త జీవోలొచ్చాయి. ఆ మూడేళ్లలో మానేసిన పిల్లలు కొత్త జీవోతో తిరిగి రారు.

ఇక ఇల్లు. పల్లెలో మా పిల్లోళ్ల ఇళ్లల్లో చాలావాటికి ఒకటే ప్లగ్గు. ఫ్యానుకో, తండ్రి సెల్లుకో, ట్యాబుకో, ఏదో ఒకదానికి. తండ్రి సెల్లులో పొద్దున్నే మేస్త్రీ ఫోనొస్తుంది, అదే కూలి. కాబట్టి ముందు సెల్లు. తర్వాత అన్న పాటలు చూస్తాడు. ఆడపిల్ల వంటచేసి, అంట్లు తోమి, తమ్ముణ్ని పడుకోబెట్టి ట్యాబు దగ్గరికి వచ్చేసరికి అందులో చార్జింగు ఉండదు. 2024 నాటి అసర్ సర్వేలో చూడండి. పల్లెటూళ్లల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలు, స్మార్ట్‌ఫోను వాడటం తెలిసినవాళ్లు, వాళ్లల్లో సొంత ఫోను ఉన్నది మగపిల్లల్లో 36.2 శాతం, ఆడపిల్లల్లో 26.9 శాతం. యంత్రం ఇంట్లోకి వచ్చినంత మాత్రాన ఇంట్లో అందరి చేతికీ వచ్చినట్టు కాదు. దీనికి అగ్రకులాల్ని అనాల్సిన పన్లేదు. మన ఇళ్లల్లో మనమే చూసుకోవాలి.

కరోనా రోజులు మర్చిపోతే ఎట్లా? 2020లో బళ్లు మూశారు. మన రాష్ట్రాల్లో దూరదర్శన్‌లో పాఠాలన్నారు, తెలంగాణలో టీ-శాట్ అన్నారు, ప్రైవేటు బళ్లు ఫోన్లో క్లాసులన్నాయి. ఆ లాక్‌డౌనుకు ముందే, 2017-18లో ప్రభుత్వం చేసిన నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లెటూరి ఇళ్లల్లో కంప్యూటరున్నవి 4.4 శాతం. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. పట్నాల్లో అయితే 23.4, 42. ఇవి అన్ని కులాలూ కలిపిన లెక్కలు. అందులో మన పేటలు ఎక్కడున్నాయో వేరే చెప్పాలా? ఈ లెక్క చేతిలో పెట్టుకుని కూడా బడిని ఫోన్లోకి ఎక్కించారు. కేరళలో 2020 జూన్ 1న, ఆన్‌లైన్ పాఠాలు మొదలైన రోజునే, తొమ్మిదో తరగతి దళిత బాలిక ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయింది, ఫోను లేదు. అంతకు ముందు ఏడాదే, 2019 సెప్టెంబరులో, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని ఆ రాష్ట్ర హైకోర్టు చెప్పింది. కోర్టు కాగితం మీద హక్కు ఉంది. ఆ పిల్ల ఇంట్లో నడిచే టీవీ లేదు.

అదే కేరళ నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఉంది, దాచిపెట్టకూడదు. అక్కడ ప్రభుత్వ బళ్లల్లో కంప్యూటరు చదువును చూసేది 'కైట్' అనే ప్రభుత్వ సంస్థే. కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనకుండా ఎవరైనా వాడుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడారు. టీచర్లకు తర్ఫీదు ఇచ్చారు. 2018లో 'లిటిల్ కైట్స్' అని హైస్కూలు పిల్లల క్లబ్బులు పెట్టారు. యంత్రాలు ఎట్లా నడుస్తాయో ఆ పిల్లలే నేర్చుకుంటారు, బడిలో తోటివాళ్లకు సాయపడతారు. అంటే తాళంచెవి కొంతైనా పిల్లల చేతికి పోయింది.

మన దగ్గర పాఠాలు నింపే పని ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. 2022 జూన్‌లో బైజూస్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఉచితమే అన్నారు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా విచారణ మొదలైంది. ట్యాబులో నింపిన పాఠాలు నెట్ లేకపోయినా నడుస్తాయి కాబట్టి ఆ రోజే ఆగిపోలేదు. కానీ రేపు సిలబస్ మారితే, పాఠంలో తప్పుంటే, మన పిల్లలు ఎవర్నడగాలి? అచ్చు పుస్తకంలో తప్పుంటే ప్రభుత్వాన్ని నిలదీయొచ్చు. కారంచేడు, చుండూరు మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేవని ఎన్నేళ్లుగా అడగడం లేదూ? కంపెనీ వీడియోలో భాగ్యరెడ్డివర్మ ఎందుకు లేడని ఏ ఆఫీసు ముందు ధర్నా చెయ్యాలి?

యంత్రాలు ఊరికే ఇచ్చేస్తే ఏమవుతుందో ప్రపంచం మనకంటే ముందే చూసింది. పెరూ దేశంలో పల్లెబళ్ల పిల్లలకు లక్షలకొద్దీ చిన్న లాప్‌టాప్‌లు పంచారు. పరీక్షించి చూస్తే లెక్కల్లో గానీ భాషలో గానీ పిల్లల మార్కులు పెరగలేదని 2012లో వచ్చిన నివేదికలో తేలింది. పెట్టె తెరిచి చేతిలో పెట్టారు, పక్కన కూర్చుని నేర్పే మనిషిని పెట్టలేదు. మన పాలకులు ఇది చదవలేదని మేమనుకోం. టీచరు జీతం ప్రతినెలా ఇవ్వాలి, నలభై ఏళ్లు ఇవ్వాలి. ట్యాబు ఒక్కసారి కొంటే చాలు, ఫోటో కూడా బాగా వస్తుంది.

మా సంగతి కూడా ఒక ముక్క. టెక్నాలజీ పిల్లల దగ్గరకన్నా ముందు మా మెడకు చుట్టుకుంది. 2022 నుంచి పొద్దున్నే ఫోన్లో మొహం చూపించి హాజరు వేసుకోవాలి. మధ్యాహ్న భోజనం ఫోటో, గుడ్ల లెక్క, మరుగుదొడ్డి ఫోటో కూడా మేమే తీసి పంపిన రోజులున్నాయి. సిగ్నలు కోసం గోడెక్కిన టీచరమ్మను మేం కళ్లారా చూశాం. ఆ గంటలో పిల్లలు ఏం చేస్తున్నారు? వరండాలో కూర్చుని పాఠం మళ్లీ మళ్లీ చదువుకుంటున్నారు. అలాగని జవాబుదారీ వద్దని మేమనం. పల్లెబడికి రాకుండా జీతం తీసుకున్న అగ్రకుల టీచర్లను మేం చూశాం, మన టీచర్లనూ చూశాం. కానీ బడిలోకి వచ్చిన యంత్రం మొదట మా మొహాల వైపు తిరిగింది, పిల్లల వైపు ఆలస్యంగా తిరిగింది.

2024లో ప్రభుత్వం మారింది. ఆ డిసెంబరులో ఎనిమిదో తరగతికి కొత్త ట్యాబులు రాలేదు. ఒకరు పుట్టినరోజు కానుకగా ఇచ్చారు, ఇంకొకరు ఆపారు. కానుకైతే ఆపొచ్చు, ఎవరూ అడగరు. హక్కైతే ఆపినందుకు కారణం చెప్పాలి. మనోళ్లు ఏ పార్టీ అయినా కావచ్చు, ఈ తేడా పట్టుకోకపోతే అయిదేళ్లకోసారి ఎవరి పుట్టినరోజు కోసమో ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఆ 1306 కోట్లు ఎవరి ఇంటి సొమ్మూ కాదు. సబ్బుబిళ్ల కొన్నా, సెల్లు రీచార్జి చేయించినా మనం పన్ను కడుతూనే ఉన్నాం. కష్టజీవుల మీద వసూలు చేసిన డబ్బు పైకులాల పైచదువులకు పోతోందని, అట్టడుగు పిల్లల మొదటి చదువు గాలికిపోయిందని 1882లోనే హంటర్ కమిషన్ ముందు జోతిబా ఫూలే వాదించారు. మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఆ వాదనను ఇంకా గెలవలేదు.

కాబట్టి సంఘం కార్యకర్తలకు మేం చెప్పేది ఇది. ధర్నాలో ట్యాబులు కావాలి అని మాత్రమే రాయకండి. ట్యాబుతో పాటు దాన్ని బాగుచేసే మనిషి, లెక్కల టీచరు, పల్లెలో సాయంత్రం చదువుకోడానికి లైట్లూ ప్లగ్గులూ ఉన్న గది కలిపి అడగండి. మన పేటల్లో కమ్యూనిటీ హాళ్లు, అంబేద్కర్ భవనాలు ఉన్నాయి. ఎక్కువ రోజులు తాళం వేసే ఉంటాయి, పెళ్లికీ ఎలక్షనుకీ తెరుస్తారు. ముందు వాటిని తెరవండి, దీనికి జీవో అక్కర్లేదు. 2013లో పోరాడి తెచ్చుకున్న ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం ఉంది. మీ జిల్లాలో బడి యంత్రాల ఖర్చులో సబ్‌ప్లాన్ పద్దు కింద ఎంత రాశారో, అందులో మన పిల్లలకు చేరిందెంతో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు రాయడం రాకపోతే మా దగ్గరికి రండి, రాసిపెడతాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, వెనకబడ్డ వర్గాలకు వాళ్ల దామాషాలో చోటుండాలి. మన తల్లుల పేర్లు ఆ కమిటీల్లో ఉన్నాయి. సమావేశం రోజున వాళ్లు కూలికి పోతున్నారు. వేలిముద్ర కోసం పుస్తకం చేలోకే పోతోంది. ఇది మన చేతకానితనం కూడా. సమావేశం సాయంత్రం పెట్టమని అడగాల్సింది మనమే.

ఆ పిల్లోడి ట్యాబును మేం హెడ్మాస్టరుతో పంపించాం. కొన్నాళ్లకు అద్దం మార్చి ఇచ్చారు. రూపాయి కట్టలేదు. వాడు బడికొచ్చాడు. మొదటి రోజు బెంచీ మీద కాకుండా గోడ పక్కన నిలబడ్డాడు, కూర్చోమన్నా రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. 2025లో పదో తరగతి పరీక్షలు రాశాడు.

2025 వేసవి సెలవులు అయ్యాక బళ్లు తెరిచిన నెలలో కమిటీ సమావేశం సాయంత్రం ఆరింటికి పెట్టించాం. పల్లె నుంచి తొమ్మిదిమంది తల్లులొచ్చారు. ఇంతకు ముందు ఎప్పుడూ ఇద్దరికి మించి రాలేదు. 2008 నాటి కంప్యూటర్ గదిలో పాత డబ్బాలు ఇంకా ఉన్నాయి. బడి వాడకానికున్న నాలుగు ట్యాబులూ బీరువాలో ఉన్నాయి. ఆ పిల్లోడి తల్లి లేచి, ఆ గది రోజూ బడయ్యాక గంటసేపు ఎందుకు తెరవకూడదని అడిగింది. పోతే బాధ్యత ఎవరిదని హెడ్మాస్టరు అన్నాడు. "మా పిల్లోడు వారం రోజులు బడి మానుకున్నప్పుడు బాధ్యత ఎవరిది సారూ?" అందామె. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చాలాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. చివరికి పదో తరగతి పిల్లలు ఇద్దరికి, ఒకమ్మాయికీ ఒకబ్బాయికీ, గది తాళంచెవి ఇచ్చేట్టు, రిజిస్టరు వాళ్లే రాసేట్టు మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాశారు. ఇప్పుడు గది తెరుస్తున్నారు. పాత డబ్బాల్లో ఒకదాన్ని విప్పి చూస్తున్నారు పిల్లలు. నడుస్తుందని మాకు నమ్మకం లేదు, వాళ్లకుంది.

బీరువా తాళంచెవి మాత్రం ఇంకా హెడ్మాస్టరు దగ్గరే ఉంది. దాని సంగతి వచ్చే సమావేశంలో పెడుతున్నాం.